బల్బు కరెంట్‌ను తినేస్తుందా?

ప్రశ్న: నేను పదో తరగతి చదువుతున్నాను. ఒకటిన్నర వోల్టు సెల్స్ రెండు, 2.5 వోల్టులు, 0.3 ఆంపియర్లు అని రాసి ఉన్న టార్చ్ బల్బులు రెండు, ఒక డిజిటల్ మల్టీమీటర్ పెట్టుకుని ప్రయోగం చేశాను. బల్బులేమీ కలపనప్పుడు బ్యాటరీ 3.00 వోల్టులు చూపించింది. ఒక్క బల్బు పెడితే 0.32 ఆంపియర్లు, బ్యాటరీ దగ్గర 2.80 వోల్టులు. రెండు బల్బులు శ్రేణిలో, అంటే ఒకదాని వెనక ఒకటి, పెడితే 0.22 ఆంపియర్లు, 2.86 వోల్టులు. సమాంతరంగా, అంటే రెంటినీ విడివిడిగా నేరుగా బ్యాటరీకి, పెడితే మొత్తం 0.62 ఆంపియర్లు, 2.62 వోల్టులు. శ్రేణిలో నిరోధం రెట్టింపవుతుంది కదా, కరెంట్ సగమై 0.16 రావాలి, 0.22 ఎందుకు వచ్చింది? బ్యాటరీ వోల్టేజి ఒక్కోసారి ఒక్కోలా ఎందుకుంది? శ్రేణిలో ప్లస్ వైపున్న బల్బు కాస్త ఎక్కువ వెలిగింది. కరెంట్ ముందు దానికే అందుతుంది కాబట్టి కొంత అదే వాడేసుకుంటుందని నా స్నేహితుడు అంటున్నాడు. నిజమేనా? ఇంకొకటి, బల్బు నిరోధం మీటర్‌తో నేరుగా కొలిస్తే 1.0 ఓమ్ వచ్చింది. లెక్క ప్రకారం ఎనిమిది దాటాలి. చివర్లో నాబ్ మిల్లీఆంపియర్ల మీద ఉండగానే మర్చిపోయి ప్రోబ్‌లు బ్యాటరీ రెండు చివరలకూ ఆనించాను. అప్పటినుంచి ఆ రేంజిలో సున్నా తప్ప ఏమీ రావడం లేదు. మీటర్ పోయినట్టేనా?

జవాబు: ముందు ఒక మాట. మీ అంకెల్లో తప్పు లేదు. 0.22 కొట్టేసి 0.16 రాసుకోవాలని మాత్రం అనుకోకండి. పాఠంలో లెక్కలు సుఖంగా ఉండాలని వదిలేసే రెండు విషయాలు మీ కొలతల్లో బయటపడ్డాయి, అంతే. వాటి సంగతి చూసేముందు మీ స్నేహితుడి మాట తేల్చుకుందాం, ఎందుకంటే మిగతా సందేహాలకు వేరు అక్కడే ఉంది.

ప్లస్ వైపు బల్బుకు కరెంట్ ‘ముందు’ అందుతుంది అంటున్నారు. మనం కరెంట్ దిశను ప్లస్ నుంచి మైనస్‌కు అని గీస్తాం. కానీ తీగలో నిజంగా కదిలేవి ఎలక్ట్రాన్లు, అవి మైనస్ నుంచి బయల్దేరతాయి. ఆ లెక్కన ముందున్నది రెండో బల్బు కావాలి. అసలు ఈ ‘ముందు, వెనుక’ అన్న ఆలోచనే సర్క్యూట్‌కు అతకదు. ఎలక్ట్రాన్లు బ్యాటరీలోంచి కొత్తగా పుట్టుకొచ్చి బల్బు దాకా ప్రయాణం చేయవు. స్విచ్ వేయకముందే అవి తీగ నిండా, బల్బులో వెలిగే సన్నని తీగ (ఫిలమెంట్) నిండా ఉన్నాయి. స్విచ్ వేయగానే వలయం మొత్తం మీద ఒక్కసారే కదలిక మొదలవుతుంది. సైకిల్ గొలుసును గుర్తు తెచ్చుకోండి. పెడల్ తొక్కితే గొలుసులో ప్రతి లింకూ ఒకేసారి కదులుతుంది. వెనక చక్రం ఒక్క లింకునూ మింగేయదు, గొలుసు ద్వారా అందిన శక్తిని మాత్రం తీసుకుంటుంది. నీళ్ల గొట్టం పోలిక కన్నా ఇదే నయం. గొట్టం అనగానే చివర నీళ్లు కారిపోయి అయిపోతాయన్న చిత్రం మనసులో పడుతుంది, మీ స్నేహితుడు పొరబడింది కూడా బహుశా అందువల్లే.

ఈ ఎలక్ట్రాన్ల నడక ఎంత నెమ్మదో తెలిస్తే ఆశ్చర్యపోతారు. ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోత వైశాల్యం గల రాగి తీగలో మీ 0.22 ఆంపియర్లు పోతుంటే, ఒక్కో ఎలక్ట్రాన్ సగటున నిమిషానికి దాదాపు ఒక మిల్లీమీటరు జరుగుతుంది. అయినా కరెంట్ 0.22 ఆంపియర్లు ఎలా అయింది? రాగిలో ఘనపు మీటరుకు సుమారు 8.5 × 10²⁸ స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు ఉంటాయి. అంత గుంపు నత్తనడక నడిచినా, తీగలో ఏ చోటనైనా సెకనుకు 1.4 × 10¹⁸ దాకా దాటిపోతాయి. మొదటి బల్బులోకి సెకనుకు ఎన్ని వెళ్తాయో అన్నీ బయటికి రావాల్సిందే. లేకపోతే ఆ బల్బులో ఆవేశం పోగుపడిపోవాలి, అలా జరగదు.

మరి బల్బు దేన్ని తీసుకుంటుంది? శక్తిని. శ్రేణిలో మీ రెండు బల్బులూ ఒకేలాంటివైతే ఒక్కోదాని రెండు చివరల మధ్య 1.43 వోల్టులు ఉంటాయి. అంటే ఒక కూలూంబు ఆవేశం మొదటి బల్బు దాటేసరికి 1.43 జౌల్‌ల శక్తి అక్కడ వేడిగా, వెలుగుగా వదిలేస్తుంది, రెండో బల్బులో మరో 1.43. ఆవేశం మాత్రం అంతే ఉంటుంది.

ఇది నమ్మకం మీద తీసుకోనక్కర్లేదు. మీటర్‌ను 10 ఆంపియర్ల రేంజిలో పెట్టి బ్యాటరీ ప్లస్‌కూ మొదటి బల్బుకూ మధ్య ఒకసారి, రెండు బల్బుల మధ్య ఒకసారి, రెండో బల్బుకూ మైనస్‌కూ మధ్య ఒకసారి పెట్టి చూడండి. మూడుసార్లూ అదే అంకె రావాలి. ఒక్క మీటర్‌నే మూడు చోట్లకూ మార్చండి, మూడు వేర్వేరు అమ్మీటర్లు పెట్టకండి. ముల్లు ఉన్న అమ్మీటర్లలో ఒక్కోదానికి ఒక్కో సున్నా దోషం ఉంటుంది, అంటే కరెంట్ లేనప్పుడు కూడా ముల్లు సరిగ్గా సున్నా మీద నిలవదు. ఒకటి 0.22, పక్కది 0.20 చూపిస్తే ‘ఇదిగో, కరెంట్ తగ్గింది’ అని మీ స్నేహితుడు గెలిచేస్తాడు.

ప్లస్ వైపు బల్బు ఎక్కువ వెలిగింది కదా, దానికి పరీక్ష ఇంకా సులువు. రెండు బల్బుల చోట్లు మార్చండి. ఎక్కువ వెలుగు బల్బుతోపాటే వెళ్తుంది, ప్లస్ వైపు ఉండిపోదు. ఒకే పెట్టెలోవైనా రెండు ఫిలమెంట్లు అచ్చంగా ఒకేలా ఉండవు. ఒకటి రవ్వంత సన్నగానో పొడవుగానో ఉంటుంది, దాని నిరోధం ఎక్కువ. రెండింటిలోనూ పోయే కరెంట్ ఒకటే కాబట్టి ఎక్కువ నిరోధం ఉన్నదాని మీద ఎక్కువ వోల్టేజి పడుతుంది, అది ఎక్కువ వెలుగుతుంది. మీటర్‌ను వోల్టుల మీద పెట్టి ఒక్కో బల్బు మీద విడిగా కొలవండి. 1.48, 1.38 లాంటి అంకెలు వస్తాయి. వాటి మొత్తం బ్యాటరీ దగ్గరి 2.86కు సరిపోవాలి. 0.2 ఆంపియర్లు అని రాసిన బల్బు దొరికితే దాన్ని మీ 0.3 ఆంపియర్ల బల్బుతో శ్రేణిలో పెట్టి చూడండి. 0.2 బల్బు బాగా వెలుగుతుంది, 0.3 బల్బు ఎర్రగా మినుకుమంటుంది, ఏది ఎటువైపు పెట్టినా సరే.

ఇక 0.22 సంగతి. మీ లెక్కలో పొరపాటు ‘నిరోధం రెట్టింపు’ అన్న చోట ఉంది. రెండు నిరోధాలు శ్రేణిలో కలుస్తాయి, ఆ మాట నిజమే. కానీ శ్రేణిలో ఉన్న బల్బు నిరోధం, ఒంటరిగా వెలిగిన బల్బు నిరోధం ఒకటి కావు. మీ అంకెలతోనే చూడండి:

ఒంటరి బల్బు: 2.80 ÷ 0.32 = 8.75 ఓమ్‌లు
శ్రేణిలో రెండూ కలిపి: 2.86 ÷ 0.22 = 13 ఓమ్‌లు, అంటే ఒక్కోటి 6.5 ఓమ్‌లు
మీటర్‌తో నేరుగా, వెలగని బల్బు: 1.0 ఓమ్

ఈ మూడూ ఒకే బల్బు నిరోధాలే, మూడు వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గర. ఫిలమెంట్ టంగ్‌స్టన్‌తో చేసింది. లోహం వేడెక్కేకొద్దీ దాని పరమాణువుల కంపనం పెరిగి ఎలక్ట్రాన్లకు అడ్డు పెరుగుతుంది, నిరోధం పెరుగుతుంది. పూర్తిగా వెలిగే టార్చ్ బల్బు ఫిలమెంట్ 2000 డిగ్రీల సెల్సియస్ పైన ఉంటుంది. అప్పుడు దాని నిరోధం చల్లగా ఉన్నప్పటికన్నా పదింతలు దాటుతుంది. మల్టీమీటర్ నిరోధం కొలిచేటప్పుడు పంపే కరెంట్ చాలా చిన్నది, దానికి ఫిలమెంట్ వేడెక్కదు. అందుకే 1.0 చూపించింది. అందులోనూ కొంత ప్రోబ్‌ల తీగలదే. రెండు ప్రోబ్‌ల కొనలూ ఒకదానికొకటి ఆనిస్తే 0.2 లేదా 0.3 కనిపిస్తుంది. అది తీసేస్తే బల్బుది 0.7, 0.8 దగ్గర తేలుతుంది. చిన్న నిరోధాలు కొలిచే ప్రతిసారీ ఈ తీసివేత చేయాలి, చాలామంది మర్చిపోతారు.

శ్రేణిలో పెట్టినప్పుడు ఒక్కో బల్బు మీద పడింది 1.43 వోల్టులే. ఒంటరిగా ఉన్నప్పుడు బల్బు తీసుకున్న సామర్థ్యం 2.80 × 0.32, దాదాపు 0.9 వాట్లు. శ్రేణిలో 1.43 × 0.22, అంటే 0.31 వాట్లు. మూడో వంతు. ఫిలమెంట్ అంత వేడెక్కలేదు కాబట్టి నిరోధం 6.5 దగ్గరే ఆగింది, కాబట్టి కరెంట్ మీరనుకున్నంత తగ్గలేదు. మూడో వంతు సామర్థ్యం ఉన్నా వెలుగు మాత్రం మూడో వంతు ఉండదు, బాగా పడిపోతుంది. ఎందుకంటే తక్కువ వేడి మీదున్న ఫిలమెంట్ ఇచ్చేదాంట్లో ఎక్కువ భాగం కంటికి కనబడని పరారుణ కిరణాలే. వెలుగు రంగు కూడా ఎరుపుకు తిరిగి ఉంటుంది, గమనించే ఉంటారు.

అయితే ఓమ్ నియమం తప్పినట్టా? తప్పలేదు. వోల్టేజిని కరెంట్‌తో భాగిస్తే వచ్చేది నిరోధం, అది నిర్వచనం, ఏ వస్తువుకైనా వర్తిస్తుంది. ఓమ్ నియమం చెప్పేది ఇంకొకటి: ఉష్ణోగ్రత మారకుండా ఉంటే లోహపు తీగకు ఆ భాగఫలం మారదని. బల్బులో ఉష్ణోగ్రత వేల డిగ్రీలు మారిపోతుంటే నియమం షరతే పాటించలేదు కదా. పరీక్షలో ఈ రెంటినీ కలిపేసి రాస్తే మార్కులు పోయేది ఇక్కడే. వోల్టేజిని అడ్డం అక్షం మీద, కరెంట్‌ను నిలువు అక్షం మీద పెట్టి బల్బుకు గ్రాఫ్ గీస్తే అది సరళరేఖ కాదు, పైకి పోయేకొద్దీ అడ్డంగా వాలుతుంది. దాన్ని స్కేలు పెట్టి బలవంతంగా తిన్నని గీత చేయకండి. సరళరేఖే కావాలంటే బల్బు తీసేసి నిక్రోమ్ తీగ పెట్టండి. వేడికి దాని నిరోధం చాలా కొద్దిగానే మారుతుంది. అప్పుడు కూడా కీ (స్విచ్) రీడింగు తీసుకునే రెండు మూడు సెకన్లే మూసి ఉంచాలి. కీ అలాగే వదిలేస్తే తీగా వేడెక్కుతుంది, సెల్స్ కూడా అలసిపోతాయి.

సెల్స్ అలసట మాట వచ్చింది కాబట్టి, ఈ నియమం కనిపెట్టిన శాస్త్రవేత్త ఓమ్‌కు కూడా ఇదే తలనొప్పి ఎదురైంది. అప్పటి బ్యాటరీల వోల్టేజి నిలకడగా ఉండక ఆయన కొలతలు చెదిరిపోయేవి. చివరికి బ్యాటరీని పక్కన పెట్టి, రాగి, బిస్మత్ లోహాల సంధుల్లో ఒకదాన్ని మరిగే నీళ్లలో, ఇంకోదాన్ని మంచులో ఉంచి, ఆ ఉష్ణయుగ్మం ఇచ్చే చిన్న వోల్టేజితో ప్రయోగాలు చేశాడు. ఆయన తన ఫలితాలను గ్రంథంగా ప్రచురించింది 1827లో.

మీ రెండో సందేహం అదే: వోల్టేజి 3.00 నుంచి 2.86, 2.80, 2.62కు ఎందుకు పడుతోంది? మీ కొలతల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ వరుసే. బ్యాటరీ లోపల కూడా కరెంట్ పోవాలి కదా, అక్కడి రసాయనాలకూ నిరోధం ఉంటుంది. దాన్ని అంతర్నిరోధం అంటారు. కరెంట్ ఎంత ఎక్కువ లాగితే లోపలే అంత ఎక్కువ వోల్టేజి ఖర్చవుతుంది, బయటికి అంత తక్కువ వస్తుంది. ఎంత పోయిందో కరెంట్‌తో భాగించండి:

శ్రేణి: 0.14 ÷ 0.22 = 0.64
ఒంటరి: 0.20 ÷ 0.32 = 0.63
సమాంతరం: 0.38 ÷ 0.62 = 0.61

మూడు వేర్వేరు సర్క్యూట్లు, ఒకే జవాబు. రెండు సెల్స్‌కూ కలిపి సుమారు 0.6 ఓమ్‌లు, ఒక్కోదానికి 0.3. అంటే మీకు తెలియకుండానే మీ బ్యాటరీ అంతర్నిరోధం మూడుసార్లు కొలిచేశారు. ఆ 3.00ను విద్యుచ్ఛాలక బలం అంటారు, కరెంట్ లాగనప్పుడు కనిపించేది అదే. సెల్స్ పాతబడేకొద్దీ ఈ అంతర్నిరోధం పెరుగుతుంది. అందుకే బాగా వాడిన సెల్‌ను ఊరికే కొలిస్తే 1.4 వోల్టులు కనిపించి మురిపిస్తుంది, బల్బు పెట్టగానే కూలబడుతుంది. సెల్ బాగుందో లేదో చూడాలంటే బల్బు వెలుగుతుండగా కొలవాలి.

ఇందులోంచే ఇంకో పాఠం తీసుకోవచ్చు. బ్యాటరీ ఎప్పుడూ ఇంతే కరెంట్ ఇస్తుందని ఒక కోటా ఏమీ లేదు. మీరు ఏం తగిలిస్తే దాన్ని బట్టి 0.22, 0.32, 0.62 ఇచ్చింది. బ్యాటరీ దాదాపు నిలబెట్టేది వోల్టేజిని, కరెంట్ ఎంతో తేల్చేది సర్క్యూట్. సమాంతరంగా రెండో బల్బు పెట్టినప్పుడు మొదటిదాని కరెంట్‌ను అది పంచుకోలేదు. ఒక్కోదానికి 0.31 అందింది, బ్యాటరీ దాదాపు రెట్టింపు ఇచ్చింది. 0.32 కాక 0.31 రావడానికి కారణం ఆ అంతర్నిరోధమే. సమాంతరంగా రెండో బల్బు తగిలించే క్షణంలో మొదటి బల్బు మీద కన్నేసి ఉంచండి, ఇసుమంత తగ్గడం కనిపిస్తుంది.

మీటర్ గురించి. పోయింది చాలావరకు లోపలి ఫ్యూజ్ మాత్రమే. అమ్మీటర్‌ను సర్క్యూట్‌లో శ్రేణిలో పెడతాం కాబట్టి, అది కరెంట్‌ను తగ్గించకూడదని దాని నిరోధం చాలా తక్కువ ఉండేలా చేస్తారు. అలాంటిదాన్ని బ్యాటరీ రెండు చివరలకూ ఆనిస్తే అది షార్ట్ సర్క్యూట్. 3 వోల్టులను 0.6తో భాగించండి, 5 ఆంపియర్లు. మీటర్ సొంత నిరోధం వల్ల అంత రాకపోయినా, మిల్లీఆంపియర్ల రేంజి ఫ్యూజ్ మామూలుగా ఆంపియర్‌లో నాలుగో వంతో సగమో తట్టుకుంటుంది. అది తన పని చేసి కాలిపోయింది. వోల్టులూ ఓమ్‌లూ ఇంకా సరిగ్గా చూపిస్తుంటే మీటర్ బాగున్నట్టే. ప్రోబ్‌లు రెండూ సర్క్యూట్ నుంచి తీసి, వెనక మూత విప్పి, గాజు ఫ్యూజ్‌ను బయటికి తీసి చూడండి. దాని లోహపు మూత మీద రాసి ఉన్న విలువ గలదే మళ్లీ వేయండి. అంతకన్నా పెద్దది వేయడం, ఫ్యూజ్ బదులు తీగ ముక్క చుట్టడం వద్దు. ఇంకోసారి ఇలాగే జరిగితే అప్పుడు కాలేది మీటర్ లోపలి భాగాలు. 10 ఆంపియర్ల రంధ్రంలో ప్రోబ్ ఉంచి ఇదే పొరపాటు చేస్తే ఇంకా ప్రమాదం. చాలా చవక మీటర్లలో ఆ రంధ్రానికి ఫ్యూజే ఉండదు. కరెంట్ కొలవడం అయిన వెంటనే, కాగితం మీద అంకె రాయకముందే, ఎర్ర ప్రోబ్‌ను వోల్టుల రంధ్రంలోకి, నాబ్‌ను వోల్టుల మీదికి మార్చేయడం చేతికి అలవాటు చేసుకోండి. టార్చ్ సెల్స్‌తో ఇది ఫ్యూజ్ ఖర్చుతో పోతుంది. గోడ సాకెట్‌లో ఇలాంటి ప్రయోగం ఏదీ, ఏ మీటర్‌తోనూ చేయకండి.

అన్నట్టు మీ కొలతలకు 200 మిల్లీఆంపియర్ల రేంజి ఎలాగూ పనికిరాదు, మీ కరెంట్లన్నీ 0.2 దాటాయి. 10 ఆంపియర్ల రేంజే వాడండి.

మూడో బల్బు దొరికితే దాన్నీ శ్రేణిలో కలపండి. కానీ స్విచ్ వేసేముందు ఎంత వస్తుందో కాగితం మీద రాసుకోండి. 0.32లో మూడో వంతు, అంటే 0.11 అని రాయరని ఇప్పుడు నాకు నమ్మకం. ఒక్కో బల్బు మీద ఒక వోల్టుకు కాస్త తక్కువ పడుతుంది, ఫిలమెంట్లు ఇంకా చల్లగా ఉంటాయి, కాబట్టి 0.18కి అటూ ఇటూగా రావాలి. అప్పుడు బ్యాటరీ దగ్గర 3.00 లోంచి 0.6 × 0.18 తీసేస్తే 2.89 వోల్టులు. దీనికి చాలా దూరంగా 0.1 లాంటిది వచ్చిందంటే సిద్ధాంతాన్ని అనుమానించకముందు హోల్డర్లను అనుమానించండి. మూడు బల్బుల మీదా విడివిడిగా వోల్టేజి కొలిచి కూడండి. మొత్తం బ్యాటరీ వోల్టేజి కన్నా తక్కువ వస్తే, ఆ తగ్గినంతా ఎక్కడో తుప్పు పట్టిన కొన మీదో సరిగ్గా మెలిపెట్టని తీగ మీదో పోతోంది. వోల్టుల మీద ఉన్న ప్రోబ్‌లతో ఒక్కో అతుకుకు అటూ ఇటూ ఆనిస్తూ పోతే, సున్నా కాకుండా అంకె కనిపించిన అతుకే దొంగ.